జింక్‌కి 4.35 ఎలా వస్తుందో ఎవరైనా చెప్పండి ప్లీజ్

తెల్లకాగితం: సాయంత్రం ఏడింటి నుంచి ఈ ఒక్క లెక్క మీదే కూర్చున్నా. స్లేటర్ నియమాలతో (తోటి ఎలక్ట్రాన్లు ఒక్కోటి కేంద్రకం లాగుడుని ఎంత తగ్గిస్తాయో చెప్పే లెక్క) జింక్ ప్రభావక కేంద్రక ఆవేశం, అంటే ఎలక్ట్రాన్‌కి చివరికి తగిలే లాగుడు, కట్టాలి. నాకు షీల్డింగ్ (ఆ తగ్గేది) 21.15 వచ్చింది, జింక్ కేంద్రక ఆవేశం 30 లోంచి తీసేస్తే 8.85. వెనక జవాబేమో 4.35 అని ఉంది. పదిసార్లు కట్టినా అదే. పుస్తకంలో తప్పు పడిందా? రేపు ఇంటర్నల్, టెన్షన్‌తో బుర్ర పనిచేయట్లేదు.

పొడిమాట: ఏ ఎలక్ట్రాన్‌కి?

తెల్లకాగితం: జింక్‌కి అని చెప్పాగా అన్నా.

పొడిమాట: జింక్‌లో 30 ఉన్నాయి.

పాతమాస్టారు: బాబూ, ముందు ఆ షీల్డింగ్ అనే మాట మానెయ్. అది వినగానే పిల్లలు లోపలి ఎలక్ట్రాన్లు గోడకట్టి కేంద్రకాన్ని దాచేస్తాయనుకుంటారు. అడ్డం ఏమీ ఉండదు, కేంద్రకం లాగుతూనే ఉంటుంది, తోటి ఎలక్ట్రాన్లు నెడుతూనే ఉంటాయి, రెండూ పోగా మిగిలిందే నువ్వు రాసే అంకె. నేనైతే స్క్రీనింగ్ అనే చెప్పేవాణ్ణి.

గాలియంగాడు: తెర మాత్రం అడ్డం కాదా మాస్టారూ? 😀 అయినా అసలు మజా గాలియం దగ్గరుంది. ఆవర్తన పట్టికలో అల్యూమినియం కింద ఉంది కాబట్టి ఎలక్ట్రాన్ ఇంకా సులువుగా ఊడిరావాలి కదా, రాదు. ఒక ఎలక్ట్రాన్ ఊడదీయడానికి అల్యూమినియానికి మోల్‌కి 577.5 కిలోజౌళ్లు, గాలియానికి 578.8. మధ్యలో దూరిన పది 3డి (మూడో కర్పరంలోని డి రకం) ఎలక్ట్రాన్లు సరిగా కప్పలేవు మరి. స్లేటర్ 1930లో చెప్పింది ఉజ్జాయింపు మాత్రమే, 1963లో క్లెమెంటి, రైమండి అనే శాస్త్రవేత్తలు కట్టినదాంట్లో జింక్ 4ఎస్‌కి (నాలుగో, బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్‌కి) 5.97 ఉంటుంది.

తెల్లకాగితం: ఇప్పుడు మూడో జవాబు కూడానా!! నేను చివర నిండే 3డికే కట్టా. అది కూడా చెప్పాలా?

పొడిమాట: అదే చెప్పాలి. తోటి 3డిలు తొమ్మిది × 0.35 = 3.15, లోపలివి ఒక్కోటి 1 చొప్పున 18. నీ లెక్క కరెక్టే, ఎలక్ట్రానే వేరు. చివర నిండేది వేరు, బయట ఉండేది వేరు. 4ఎస్‌కి కట్టు: రెండో 4ఎస్‌కి 0.35, మూడో కర్పరంలోవి 18 × 0.85 = 15.3, ఇంకా లోపలివి 10. మొత్తం 25.65, 30 లోంచి తీసేస్తే 4.35.

తెల్లకాగితం: అబ్బా. ప్రశ్నలో ‘బాహ్య’ అని ఉంది, ఇప్పుడు చూశా. థాంక్స్ అన్నా.

పాతమాస్టారు: తెర పల్చగా ఉంటే అవతలిది కనిపిస్తుంది నాయనా, గోడ అలా కాదు.

గాలియంగాడు: తమ్ముడూ, పడుకునే ముందు గాలియానికి కూడా ఒకసారి కట్టు, సరిగ్గా 5 వస్తుంది. ఉన్నావా?