కీషా అలీ మెహర్ గురించి చెప్పినదాన్ని మన కన్యాశుల్కం, కట్నాలతో పోల్చవచ్చా?

కోనసీమ పిల్ల:
అందరికీ నమస్కారమండీ. రాజమండ్రిలో ఎం.ఏ. చదువుతున్నాను. మతాలు పెళ్లి గురించి, స్త్రీ శరీరం మీద హక్కుల గురించి ఏం చెప్పాయో పోల్చి ఒక వ్యాసం రాయాలి. అమెరికన్ పండితురాలు కీషా అలీ 2010లో ప్రచురించిన 'మ్యారేజ్ అండ్ స్లేవరీ ఇన్ ఎర్లీ ఇస్లాం' చదివాను. ఆవిడ కూడా ముస్లిమే. తొలినాటి ధర్మవేత్తలు పెళ్లి గురించి వాదించుకునేటప్పుడు బానిసల కొనుగోలుతో పోలిక తెచ్చేవారని, మెహర్ (పెళ్లిలో భర్త భార్యకి ఇవ్వాల్సిన సొమ్ము) ఇచ్చిన భర్తకి భార్యతో శారీరక సంబంధం మీద ఒక రకమైన యాజమాన్యం వస్తుందని లెక్కగట్టారని, తలాక్‌ని బానిసకి విముక్తి ఇవ్వడంతో పోల్చారని ఆవిడ చూపిస్తుంది. ఇదంతా దాచిపెట్టి మా మతం స్త్రీకి అన్నీ ఇచ్చింది అంటే ఆవిడ ఒప్పుకోదు, నాకు బాగా నచ్చింది అదే.

టెన్షన్ ఎక్కడంటే, హాస్టల్లో ఈ మాట చెప్పగానే ఒకమ్మాయి "చూశావా వాళ్ల మతం ఎలాంటిదో" అంది. నేను రాయాలనుకున్నది అది కానే కాదు. మా వైపు ఎకరాల లెక్కన కొబ్బరి తోట మాట్లాడుకున్నాకే ముహూర్తం పెడతారు. దేన్ని దేనితో పోలిస్తే న్యాయంగా ఉంటుంది?

రామచంద్రపురం మాస్టారు:
అమ్మా, తప్పకుండా పోల్చు. కాకపోతే శాస్త్రాన్ని శాస్త్రం పక్కన, ఆచారాన్ని ఆచారం పక్కన పెట్టు. మనవాళ్లు తమ మతం దగ్గరికొచ్చేసరికి శ్లోకం చదువుతారు, ఎదుటివాళ్ల మతం అనేసరికి వీధిలో చూసింది చెబుతారు. నేను నలభై ఏళ్లు సంస్కృతం చెప్పాను, ఇది చూసి చూసి బాధేస్తుంది.

"యత్ర నార్యస్తు పూజ్యంతే" అందరికీ వచ్చు. అది మనుస్మృతి మూడో అధ్యాయంలో 56వ శ్లోకం. దానికి కాస్త పైన 51లో తండ్రి అణుమాత్రం కూడా శుల్కం తీసుకోకూడదని, ఆశపడి తీసుకుంటే బిడ్డని అమ్ముకున్నట్టేనని ఉంది. బాగుంది. అదే పుస్తకం ఎనిమిదో అధ్యాయం 204 తీయి. ఒక పిల్లని చూపించి ఇంకో పిల్లనిస్తే వరుడు ఒకే శుల్కానికి ఇద్దరినీ పెళ్లాడవచ్చట! తొమ్మిదిలో 97 చూడు, శుల్కమిచ్చినవాడు చనిపోతే ఆ పిల్లని అతని తమ్ముడికివ్వాలి, అదీ పిల్ల ఒప్పుకుంటేనే. వద్దన్న శుల్కానికే ఇన్ని నిబంధనలు. ఆ తొలినాటి ఇస్లాం ధర్మవేత్తల్లో ఒకడైన షాఫియీ వాదన పక్కన పెట్టాల్సింది వీటిని, 1892లో ఆడిన గురజాడ నాటకాన్ని కాదు.

నరసాపురం టీచరమ్మ:
మాస్టారు చెప్పింది నిజం. ఆచారం సంగతి నేను చెబుతాను, ముస్లిం ఇంట్లో పుట్టినదాన్ని. ఖురాన్ నాలుగో సూరాలో మెహర్ భార్యకే ఇవ్వమని స్పష్టంగా ఉంది. మా బంధువుల్లో అది నికానామాలో, అంటే పెళ్లి పత్రంలో, రాసే చిన్న అంకె, చాలాసార్లు తర్వాత ఇస్తామని వదిలేస్తారు. భర్త పోయాక శవం పక్కన కూర్చోబెట్టి "మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు, ఆ సమయంలో ఏ ఆడది కాదంటుంది? కట్నం మాత్రం రొక్కం, బంగారం, బండితో సహా ముందే ముట్టాలి. మా పక్కవీధిలో చర్చికి వెళ్లేవాళ్ల ఇళ్లలోనూ ఇదే లెక్క. మూడు గ్రంథాలూ వేరు, డెల్టాలో బేరం ఒక్కటే. 1961 నుంచి కట్న నిషేధ చట్టం ఉందని ఎవరికీ గుర్తుండదు.

ఒక్క మాట. అలీ చెప్పింది ఆనాటి ధర్మవేత్తల వాదన గురించి, ఇవాళ్టి ప్రతి ముస్లిం ఇంటి గురించి కాదు. ఈ సంగతి మొదటి పేజీలోనే రాయి తల్లీ.

కాకినాడ వకీలు:
అందరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. అలీ అడిగే అసలు ప్రశ్న ఆ డబ్బుతో భర్తకి ఏం దఖలు పడుతోంది అని, అంటే భార్య ఒప్పుకోలుకి విలువ ఉందా లేదా అని. దీనికి శాస్త్రాల దాకా వెళ్లనక్కర్లేదమ్మా, మన కోర్టుల్లోనే దొరుకుతుంది.

హిందూ వివాహ చట్టం 1955లో 9వ సెక్షన్ ఉంది, విడిగా ఉంటున్న భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వవచ్చు. ఇది మన స్మృతుల్లోది కాదు, ఇంగ్లండులో చర్చి కోర్టుల నుంచి వచ్చింది. 1867లో, అప్పట్లో మన కోర్టులకి పై కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దీన్ని ముస్లిం దంపతులకీ వర్తింపజేసింది. ఇంగ్లండు 1970లో రద్దు చేసుకుంది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి 1983లో సరిత కేసులో, ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపడం శరీరం మీద ఆమెకున్న స్వేచ్ఛని, గౌరవాన్ని తీసేయడమేనని 9వ సెక్షన్‌ని కొట్టేశారు. తెలుగు నేల మీద నుంచి వచ్చిన ఆ తీర్పు చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు అది చెల్లదంది, సెక్షన్ ఇంకా అలాగే ఉంది. 2023 భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కూడా భార్యకి పద్దెనిమిదేళ్లు నిండితే భర్త చేసింది అత్యాచారం కాదన్న మినహాయింపు ఉంచారు. హాస్టల్ అమ్మాయికి ఇది చూపించు.

కోనసీమ పిల్ల:
అందరికీ చాలా థాంక్సండీ. కట్నం కాస్త తగ్గించి, ఒప్పుకోలు మీదే రాస్తాను, సరిత కేసు తీర్పు రేపే లైబ్రరీలో అడుగుతాను. మాస్టారూ, ఆ 204వ శ్లోకానికి మేధాతిథి ఏం వ్యాఖ్య రాశాడో మీ దగ్గరుంటే ఫొటో తీసి పెడతారా?