సమస్య: నొక్కఁ జోటు పెరిగెనని నుడువ నొప్పు

నిర్వాహకుడు: రాతిపొర, సాగునేల, కంప్యూటర్ నిల్వ మూడింటికీ కాంపాక్షన్ (నొక్కి కుదించడం) అన్న మాట ఒకటే. నొక్కితే చోటు పెరగడమేమిటో మీరే చెప్పండి.

పద్దులరాయుడు:
చెఱిపివేసిన పద్దులు చేరియుండ
నిల్వ నిండెను, సరిచూచి నిలుపఁ దగిన
వాని మాత్రమె యొకచోట వ్రాసి పేర్చి
నొక్కఁ జోటు పెరిగెనని నుడువ నొప్పు

శిలాప్రియ: ధార బాగుంది. కానీ మూడో పాదంలో కొత్త ఫైలు రాశారు, పాత ఫైళ్లు తీసేయలేదు! రెండూ డిస్కు మీద ఉన్నంతసేపు చోటు తగ్గుతుంది గాని పెరగదు. పైగా పాత పద్దును ముట్టకుండా కొత్తవి చేర్చుకుంటూ పోయే ఈ నిల్వ పద్ధతిలో చెరిపివేత అంటే ‘ఇది చెల్లదు’ అన్న గుర్తు రాయడమే, అదీ చోటు తింటుంది. మీ పద్యం సగం పనిలో ఆగింది.

పద్దులరాయుడు: ఒప్పుకుంటున్నాను. సవరణ: ‘వాని వేఱుగ వ్రాసి, యా పాత తుడిచి’. అయితే గత నెల మీ సుద్ద పద్యంలో బురదకన్నా ఇసుకే ఎక్కువ కుంగిందన్నారు. అప్పుడే పేరిన బురదలో నూటికి 60 నుంచి 80 పాళ్లు ఖాళీలే, ఇసుకలో 40 దాకా. ఎక్కువ కుంగేది బురదే. ఆ సవరణ ఇంకా రాలేదు.

శిలాప్రియ: ఇదిగో, పద్యంతోనే చెల్లిస్తున్నాను.
క్రింది బురద నీరు వెడలి క్రిక్కిరియఁగ
నేల దిగజారఁ బైనున్న నీటిలోన
వచ్చు నిసుకకు మట్టికి వసతి దొరకె
నొక్కఁ జోటు పెరిగెనని నుడువ నొప్పు

నిర్వాహకుడు: ‘వసతి’ దగ్గర లేచి కూర్చున్నాను. అవక్షేపం, అంటే నీటి అడుగున చేరే ఇసుక, మట్టి, పేరడానికి దొరికే చోటును భూగర్భశాస్త్రంలోనూ ఆ అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారు. కింద కుదింపు, పైన చోటు. సమస్యకు ఇంతకన్నా సూటైన దారి నాకు తోచలేదు.

మడిగట్టు: నీరు వెడలితే అది కాంపాక్షన్ ఎలా అవుతుంది? మట్టి ఇంజనీర్ల లెక్కలో గాలి పోతేనే ఆ పేరు, నీరు పోతే కన్సాలిడేషన్. నా పూరణ:
తడిసి మెత్తని చేనిలోఁ దరలు బండి
చక్రముల క్రింద నీటికి సందు పోయె
వేరు దిగదాయె, పైరెల్ల వెలితివడియె
నొక్క చోటు పెరిగెనని నుడువ నొప్పు

శిలాప్రియ: రాళ్లవాళ్ల వాడుకలో నీరు పోయినా అదే పేరండీ. మీ విరుపు చూశాను: ‘వడియెన్ + ఒక్క’. పైరంతా వెలితిపడి ఒక్క చోట మాత్రం పెరిగిందన్నమాట. ముచ్చటైన ఊహే! కానీ ఇచ్చిన పాదంలో ఉన్నది ‘జోటు’. ‘నొక్కన్’ చివర ఉన్నట్టు ‘ఒక్క’ చివర ద్రుతం (నకారం) లేదు, కాబట్టి చకారం జకారం కాదు. మీరు అక్షరమే మార్చారు.

మడిగట్టు: ఒక్క అక్షరమేగా!

పద్దులరాయుడు: మొన్న నా యతికి మీరు పట్టుబట్టిందీ ఒక్క అక్షరం కోసమే.

నిర్వాహకుడు: పాదం మారింది కాబట్టి పూరణగా తీసుకోలేను. మొదటి రెండు పాదాలు మాత్రం దాచుకుంటాను. తడి నేలలో చక్రం ముందుగా నలిపేది పెద్ద సందులనే, గాలీ నీరూ సులువుగా నడిచేది వాటిలోనే. ‘సందు పోయె’ అన్నారు చూడండి, అక్కడ నేల కనిపించింది. మడిగట్టు గారూ, ‘జో’ను నిలిపి మూడో పాదం మళ్లీ రాయండి, రేపటిదాకా ఆగుతాను.