ఫలం అడగడం గీతకు విరుద్ధమా?

తీరని సందేహం:
భగవద్గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం, ‘కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన’, మనలో చాలామందికి నోటికి వచ్చినదే. నేను 11 ఏళ్లుగా లెక్కలు రాస్తున్న సంస్థలో, పెంచుతామన్న జీతం పెంచలేదని, మూడేళ్ల బకాయి ఇప్పించమని వెళ్లి అడిగితే, యజమాని తన బల్ల మీది అద్దం కింద ఉన్న ఒక కాగితాన్ని వేలితో చూపించారు. దాని మీద అచ్చువేసి ఉన్నది ఈ శ్లోకమే. మాట రాక బయటికి వచ్చేశాను. చేసిన పనికి రావలసినది అడగడం గీతకు విరుద్ధమా?

లెక్కల పంతులు:
విరుద్ధం కాదు. అయితే ముందుగా ఒక మాట సరిచేయాలి. ‘పని చేయడమే నీ హక్కు, ఫలం మీద నీకు హక్కు లేదు’ అని అందరూ చెప్పే అర్థం సరైనది కాదు. సంస్కృతంలో అధికారమంటే ఒక కార్యానికి కావలసిన అర్హత, దానితోపాటు వచ్చే బాధ్యత. శంకరులు తమ భాష్యంలో నీకు కర్మయందే అధికారం, జ్ఞాననిష్ఠయందు కాదని వివరించారు. అక్కడ జీతభత్యాల ప్రసక్తి లేదు. మీ యజమాని చదివినదీ తప్పే, మీరు నొచ్చుకున్నదీ ఆ తప్పుడు అనువాదానికే. మనసును ఫలం మీదనుంచి పని మీదికి మళ్లించండి, శాంతి దానంతటదే వస్తుంది.

దారిన పోయేవాడు:
శాంతితో ఇంటి అద్దె కట్టవచ్చా, పంతులుగారూ?

తీరని సందేహం:
నేను అడిగినది పదానికి అర్థం కాదు. ఈ శ్లోకం చెప్పిన కృష్ణుడే యుద్ధానికి ముందు రాయబారిగా కౌరవసభకు వెళ్లి పాండవుల వాటా అడిగాడు. అయిదూళ్లిచ్చినా చాలునని ధర్మరాజు దిగివచ్చినా దుర్యోధనుడు ఒప్పుకోలేదు. ఫలం అడగడమే తప్పయితే ఆ రాయబారం ఎందుకు?

లెక్కల పంతులు:
రాయబారం ఉద్యోగపర్వంలోనిది, గీత భీష్మపర్వంలోనిది. రెండింటినీ కలిపి కలగాపులగం చేయకూడదు. ఇక అర్థం విషయానికి వస్తే, మండలే జైలులో కూర్చుని 1910–11లో గీతారహస్యం రాసిన తిలక్, ఈ శ్లోకంలోని నాలుగు పాదాలను కర్మయోగానికి చతుస్సూత్రి అన్నాడు. నాలుగూ కలిపి చదవాలి. ‘మా తే సంగోఽస్త్వకర్మణి’, పని మానేయడం మీద కూడా మనసు పెట్టుకోవద్దని నాలుగో పాదం.

తీరని సందేహం:
స్వరాజ్యం నా జన్మహక్కు అన్నది కూడా ఆ తిలకే.

లెక్కల పంతులు:
ఆయన హక్కు అన్నది స్వరాజ్యాన్ని, గీతలోని అధికారాన్ని కాదు. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

మూడో కోడలు:
మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడి రెండేళ్లయింది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. అలారం మోగేలోపే నాకు మెలకువ వచ్చేస్తుంది. ఇద్దరు తోడికోడళ్లను నెలకు ఒక వారమైనా వచ్చి చూడమని అడిగితే, మా పెద్ద బావగారు ఈ శ్లోకమే చదివి, ప్రతిఫలం ఆశించకుండా చేస్తేనే సేవ అన్నారు. నేను అడిగినది ప్రతిఫలం కాదు, నిద్ర. గీతలో చెప్పవలసినదంతా చెప్పాక, పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ‘యథేచ్ఛసి తథా కురు’ అంటాడు, నీకు ఎలా తోస్తే అలా చెయ్యమంటాడు. ఆ పాదం మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

లెక్కల పంతులు:
అమ్మా, మీ కష్టం కష్టమే. కాని కత్తితో ఎవరో చెయ్యి కోసుకుంటే కమ్మరిని తిట్టడం న్యాయం కాదు. శ్లోకాన్ని స్వార్థానికి వాడుకున్నవాడి దోషం శ్లోకానికి అంటదు.

తీరని సందేహం:
కోసుకున్నవాళ్లు వేరు, కోయించుకున్నవాళ్లు వేరు. మొదటి జవాబులో మీరు నాకేం చెప్పారో ఒకసారి చదువుకోండి. మనసు మళ్లించుకోమన్నారు, శాంతి వస్తుందన్నారు. మా యజమాని వేలితో చూపించి చెప్పినదీ అదే. మీరు వ్యాకరణంతో చెప్పారు, అంతే తేడా! నెల తిరిగేసరికి పింఛను వచ్చి పడేవారికి ఫలత్యాగం తేలిక.

దారిన పోయేవాడు:
ఇప్పుడు వచ్చింది అసలు మాట.

లెక్కల పంతులు:
పింఛను సంగతి ఎత్తారు కనుక చెబుతాను. నాలుగేళ్ల కిందట మా అబ్బాయి జబ్బుచేసి పోయాడు. మందుల వేళలన్నీ గళ్ల కాగితం మీద గీసుకుని, వేసిన ప్రతి మాత్రకూ ఎదురుగా టిక్కు పెట్టినవాణ్ణి నేను. వాడు పోయిన తరువాత ఆ కాగితాలు ముందేసుకుని, ఏ గడిలో పొరపాటు చేశానా అని కొన్ని నెలలపాటు వెతికాను. ‘మా కర్మఫలహేతుర్భూః’, ఫలానికి కారణం నువ్వేననుకోకు, అన్న మూడో పాదం పట్టుకునే వాటిని మడిచి పెట్టెలో పెట్టగలిగాను. ఒక కార్యానికి కారణాలు అయిదని, వాటిలో కర్త ఒకడు మాత్రమేనని, అయిదోది దైవమని పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది. మీరంతా కలిసి ఆ శ్లోకాన్ని యజమానుల సొత్తు చేసేస్తుంటే నేను ఊరుకోలేకపోయాను.

తీరని సందేహం:
పింఛను మాట అనకుండా ఉండవలసింది, క్షమించండి. కాని పంతులుగారూ, మీకు ఆ శ్లోకాన్ని ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. మీ బాధకు మీరే వెతికి తెచ్చుకున్నారు. నాకు బాకీపడ్డవాడు నాకు చెప్పాడు. ఈ కోడలుగారికి పని పంచుకోవలసినవారు చెప్పారు. శ్లోకం మీద నాకు కోపం లేదు, అది ఎవరి నోట వచ్చిందన్నదే నా గొడవ.

మూడో కోడలు:
నేను కూడా రాత్రిపూట ఆ మూడో పాదం అనుకుంటాను. పగలు బావగారి నోట వింటే మాత్రం ఒళ్లు మండుతుంది.

లెక్కల పంతులు:
అధికారం అన్న మాటకు నేను చెప్పిన అర్థం మార్చుకోను. అయితే బాకీపడ్డవాడు బాకీ తీర్చడమే అతని కర్మ అని, దానికి అతనిదే అధికారమని మొదటే రాయవలసింది, రాయలేదు. బకాయి వచ్చిందా?

తీరని సందేహం:
రాలేదు. సోమవారం మళ్లీ అర్జీ పెడుతున్నాను.

లెక్కల పంతులు:
అర్జీలో శ్లోకాలేవీ పెట్టకండి. తేదీలు, నెలవారీ మొత్తాలు రాయండి. కూడికలు కావాలంటే నేను చూసి పెడతాను.