కాలేజీ ల్యాబ్‌లో నెగ్గిన కోటింగ్ చెలకలో నిలుస్తుందా?

చెలకనేల:
రోటవేటర్ బ్లేడ్లకు హార్డ్‌ఫేసింగ్ వెల్డింగ్ చేస్తాను, అంటే త్వరగా అరగకుండా పైన గట్టి లోహపు పొర వేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. అరుగుదల తగ్గించే కోటింగుల మీద కాలేజీల నుంచి వచ్చే పేపర్లు కొన్ని చూశాను. ఏది తెరిచినా పిన్-ఆన్-డిస్క్. తిరిగే నున్నటి డిస్క్ మీద చిన్న పిన్నును రుద్ది అరుగుదల తగ్గిందంటారు. మా చెలకలో రాళ్లున్నాయి. ఆ పరీక్ష మాకెందుకు పనికొస్తుంది?

మైక్రాన్:
అన్నా, నేను ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. బరువు, వేగం, దూరం మన చేతిలో ఉంటాయి కాబట్టి రెండు కోటింగులను పోల్చడానికి పిన్-ఆన్-డిస్క్ వాడతాం. మట్టి అరుగుదలకు దగ్గరగా ఉండేది ఏఎస్‌టీఎం జీ65 అనే ప్రామాణిక పరీక్ష. అందులో తిరిగే రబ్బరు చక్రానికీ నమూనాకీ మధ్య పొడి ఇసుక జారుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం విక్కర్స్ కొలతలో సుమారు 1000, బ్లేడు ఉక్కుది 500 దరిదాపుల్లో. అందుకే ఇసుక ఉక్కును గీరేస్తుంది. కోటింగుల్లో వాడే టంగ్‌స్టన్ కార్బైడ్ క్వార్ట్జ్ కన్నా గట్టిది.

చెలకనేల:
ఇసుక సరే. రాయి దెబ్బ ఏ పరీక్షలో ఉంది? పొర ఎంత గట్టిదైతే అంత పెళుసు.

బాయిలర్‌గది:
థర్మల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. అది బాయిలర్ ట్యూబులను గీరి చిల్లు పెడితే యూనిట్ మొత్తం ఆపాలి. ఆ టెన్షన్ చూసినవాణ్ణి, కోటింగుల పరిశోధన దండగంటే ఒప్పుకోను. సట్లెజ్ మీద 1500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రీ జల విద్యుత్ కేంద్రంలో సిల్టు (నీళ్లలో వచ్చే సన్నటి ఇసుక, మట్టి) టర్బైన్లను తినేస్తుంటే టంగ్‌స్టన్ కార్బైడ్ కోటింగులు వేశారు. మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ డిటొనేషన్ స్ప్రే పద్ధతిని, అంటే వాయువు పేలుడుతో పొడిని వేగంగా కొట్టి పొర వేసే పద్ధతిని, కంపెనీలకు అందించింది.

చెలకనేల:
ఏఆర్‌సీఐ యూనివర్సిటీ కాదు. నేనడిగింది కాలేజీల గురించి.

పల్లెమెకానిక్:
బ్లేడు ధర కన్నా కోటింగ్ ధర ఎక్కువైతే రైతు వేయించడు. అది ఎవరూ చెప్పరేం?

బాయిలర్‌గది:
యూనివర్సిటీ అన్న మాట పట్టుకుని వేలాడితే ఎలా? పరిశోధన ఎక్కడ జరిగినా పరిశోధనే.

చెలకనేల:
నాథ్‌పా ఝాక్రీలో కొట్టేది నీళ్లలో కలిసిన సిల్టు. నా బ్లేడుకు తగిలేది రాయి. స్ప్రే పొర మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, నా వెల్డింగ్ రెండు మూడు మిల్లీమీటర్లు, బ్లేడుతో కరిగి కలుస్తుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

మైక్రాన్:
పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలా అన్నా? ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. మీరు అసలు వినడం లేదు. మేం రాత్రింబవళ్లు ల్యాబ్‌లో కూర్చునేది ఆటకా?

చెలకనేల:
వినలేదంటారా? మూడేళ్ల క్రితం ఒక కాలేజీవాళ్లు వచ్చి నా దగ్గర పన్నెండు బ్లేడ్లు తీసుకెళ్లారు. ఏ ఎలక్ట్రోడ్, ఎంత కరెంట్, ఎన్ని పొరలు, అన్నీ రాసుకున్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. చివరికి ఎవరో వాళ్ల పేపర్ చూపించారు. నా వెల్డింగ్ 'పాత పద్ధతి' అన్న గడిలో ఉంది, వాళ్ల కోటింగ్ పక్కన ఓడిపోయి. ఒక్క బ్లేడూ మట్టిలో దిగలేదు, ముక్కలు కోసి డిస్క్ మీద రుద్దారు. నా పేరు వేయమనడం లేదు. ఎందుకు ఓడిందో చెబితే మార్చుకునేవాణ్ణి కదా.

మైక్రాన్:
అది తప్పే, వాళ్లను వెనకేసుకురాను. కానీ నా సంగతీ వినండి. పొలంలో పరీక్షంటే ఒక సీజన్ పోతుంది, పేపర్లు లేకుండా నా థీసిస్ కదలదు. కిందటేడు మా కోటింగ్ వేసిన బ్లేడును తెలిసినవాళ్ల పొలంలో తిప్పించాను. రెండో రోజుకే పొర ఊడింది. ఆ ఫలితం బీరువాలోనే ఉంది. ఊడిన కోటింగ్ గురించి పేపర్ రాస్తే అచ్చు వేసే జర్నల్ లేదు.

చెలకనేల:
నాకు కావాల్సింది ఆ బీరువాలోదే. నెగ్గినవి నాకెందుకు? పొర బ్లేడును అంటుకున్న చోట ఊడిందా, లేక పొరలోనే పగిలిందా?

మైక్రాన్:
అంటుకున్న చోటే, మూల దగ్గర. సోమవారం ల్యాబ్‌కు వెళ్లి ఫొటోలు తీసి పెడతాను.

చెలకనేల:
మూల దగ్గరంటే కోటింగ్‌కు ముందు అంచు గుండ్రంగా రుద్దలేదేమో. ఫొటో పెట్టండి, చూసి చెబుతా. జీ65లో రాయి లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.