ఎంగిలి పారబోత మాన్పించడం ఎలా?

జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుక తిన్నెల్లో, పర్యాటకుల డేరాల విడిదిలో లెక్కలు చూస్తున్నాను. రాత్రి పదిన్నరకు భోజనాలు ముగియగానే మిగిలిన రొట్టెలు, పప్పు వెనక గోతిలో పారబోస్తారు. పావుగంటలో కుక్కలు దిగుతాయి. నిన్న పదిహేడు లెక్కపెట్టాను. తెల్లవారుజామున అవి ఎడారి జాతీయ వనం వైపు మళ్లుతున్నాయి. అక్కడ చింకారా జింకలు, ఎడారి నక్కలు, అన్నిటికీ మించి అంతరించిపోతున్న బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఉన్నాయి. మన రోళ్లపాడు అభయారణ్యం 1988లో వెలసింది ఈ పిట్ట కోసమే. సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. కుక్క మూతి తగిలితే ఇంకేం మిగులుతుంది!

డిసెంబరులో వంటశాల గోడకు హిందీలో బొమ్మల పోస్టరు అంటించాను. వారంలో నూనె మరకలు అక్షరాలను మింగేశాయి. మూత ఉన్న డ్రమ్ము కొనిపెడితే మూడో రోజుకు అందులో తాగునీళ్లు పట్టుకున్నారు. ఇక్కడి నీటి కరువుకు వాళ్లను తప్పుపట్టలేను. వంటవాళ్లను కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పాను. ‘కుక్కలూ ప్రాణులే కదా’ అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

కుక్కల మీద వాళ్లకున్న జాలిని నొప్పించకుండా, ఆ పారబోత మానేలా ఎవరినైనా ఒప్పించినవారు మీలో ఉంటే, ఏం చెప్పి ఒప్పించారు?