పునరుద్ధరణా, నకలా? గ్రాఫిక్స్ పాఠంలో చిక్కుకున్న ఒక మాట

పాలిటెక్నిక్ పిల్లల కోసం టర్బో సీ (సీ భాషలో ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్) గ్రాఫిక్స్ పాఠం తెలుగులో రాసుకుంటున్నా. మెనూ తెరిచే ముందు దాని కింద పడే తెర ముక్కను గెట్‌ఇమేజ్ అనే ఫంక్షన్‌తో మెమరీలోకి తీసుకోవాలి, మెనూ మూసినంక పుట్‌ఇమేజ్ అనే ఫంక్షన్‌తో అదే జాగలో వేయాలి. ఇంతే సంగతి. నిఘంటువు పట్టుకొని 'తెర ప్రాంత పరిరక్షణ, పునరుద్ధరణ' అని పేరు పెట్టిన. బోర్డు మీద రాయంగనే వెనక బెంచీ పిల్లగాడు "సార్, వేయి స్తంభాల గుడి పాఠమా?" అన్నడు.

నవ్వొచ్చింది గానీ వాడి మాట కొట్టేయలేకపోయిన. హన్మకొండలో పునరుద్ధరణ అంటే గుర్తొచ్చేది ఆ గుడి కల్యాణమండపమే. శిథిలమైనదాన్ని విప్పి, ఏండ్ల తరబడి పని చేసి, 2024లో తెరిచిన్రు. అది పాడైనదాన్ని బాగుచేసుడు. మన తెరకు కాలం చెల్లలేదు, మనమే దాని మీద మెనూ గీసి చెరిపేస్తున్నం. ఇక పరిరక్షణ అంటే అడవికో చెరువుకో నప్పే మాట.

నాకు తోచిన మాట 'నకలు'. పహాణీ నకలు తీసుకుంటే అసలు రికార్డు ఆఫీసులోనే ఉంటది గదా. గెట్‌ఇమేజ్ కూడా అంతే, తెర మీద ఒక్క చుక్క కదలదు. ఇంకో లాభం కూడా ఉంది. నకలు తీసినంక పట్టా మారితే మన చేతిలున్నది పాత కాగితమే. మెనూ తెరిచి ఉండగా దాని కింద గడియారం నడిస్తే, మూసినంక పాత టైమే కనబడుతది. 'పునరుద్ధరణ' అని చెప్తే పిల్లలకు ఈ తప్పు తట్టదు. 'నకలు' అంటే వాళ్లే పట్టుకుంటరు. మరి పుట్‌ఇమేజ్‌కు? రికార్డుల పేరు ఎక్కించినట్టు 'ఎక్కించుడు' అంటే ఎట్లుంటది?

జవాబు, పరకాల నుంచి: మాట బాగుంది సార్. కానీ ఎక్సార్‌పుట్‌కు, అంటే పుట్‌ఇమేజ్‌ల కింది చుక్కల రంగును తిప్పేసి గీసే పద్ధతికి, ఏమంటరు? ఒకే బొమ్మను అదే చోట రెండుసార్లు వేస్తే కింది తెర దానంతటదే వస్తది. అండ్ల నకలే లేదు.

నా జవాబు: నిజమే, దానికి నకలు నప్పదు. 'తిరగేసుడు' అనొచ్చునేమో, ఇంకా కుదరలేదు. పిల్లలకు ఇంకోటి కూడా చెప్పాలె. 640×480 పదహారు రంగుల తెర మొత్తం నకలు తీయాలంటే 1,53,600 బైట్లు. నకలుకు ఎన్ని బైట్లు కావాల్నో చెప్పే ఇమేజ్‌సైజ్ ఫంక్షన్ 64 కేబీ దగ్గరనే చేతులెత్తేస్తది. అందుకే ముక్కలు ముక్కలుగా తీసుకోవాలె.

జవాబు, వరంగల్ కోట నుంచి: అన్నా, మీ పిల్లగాడి మాటల ఇంకో లోతుంది. మండపం విప్పేటప్పుడు మొదట దిగేది పైకప్పు రాయి, మళ్లీ కట్టేటప్పుడు చివరకు ఎక్కేదీ అదే. ఒకదాని మీద ఒకటి రెండు మెనూలు తెరిస్తే కూడా అంతే గదా? కడకు తెరిచినదాని నకలే ముందు ఎక్కించాలె. వరుస తప్పితే మూసేసిన మెనూ ముక్క తెర మీద దయ్యం లెక్క మిగులుతది. గుడిని అంత తేలికగ పక్కకు పెట్టకండి.

జవాబు, కరీంనగర్ నుంచి: ఒక సందేహం. కొటేషన్ గుర్తులను మనం ఉద్ధరణ చిహ్నాలు అంటం. అసలు పుస్తకంలో వాక్యం అట్లనే ఉంటది, మనం దాన్ని ఎత్తి రాసుకుంటం. మరి ఉద్ధరణ అనేది మీ గెట్‌ఇమేజే గదా? మీరు దాన్ని పుట్‌ఇమేజ్‌కు అంటగట్టిన్రు.

నా జవాబు: ఇది నాకు తట్టనే లేదు. అయితే రాతల 'ఉద్ధరణ' గెట్‌ఇమేజ్‌కే ఉంచుత. బోర్డు మీద మాత్రం నకలు తీసుడు, ఎక్కించుడు. సోమవారం క్లాసుల ఆ వెనక బెంచీ పిల్లగాడినే ముందు చదవమంట.