పన్నెండు పాయింట్లకే నో ట్రంప్: తెలివా, లాటరీయా?

ఉక్కునగరం: వైజాగ్‌లో మా బ్రిడ్జ్ (పేకాట) క్లబ్బు శనివారం పెయిర్స్‌లో, అంటే జంటల పోటీలో, అందరూ చేతిలో 15–17 పాయింట్లు (ఏస్ 4, రాజు 3, రాణి 2, జాకీ 1) ఉంటేనే 1 నో ట్రంప్ (తురుపు లేకుండా ఏడు పట్లు గెలుస్తామనే పాట) అంటారు. ఒక జంట మాత్రం 12–14కే అంటోంది. మూడు వారాలుగా వాళ్లే ఫస్టు. ఇది వాళ్ల సిస్టం (పాట పాడే పద్ధతి) గొప్పా, మనకి అలవాటు లేకపోవడమా?

బీచ్‌రోడ్ బాబాయ్: అలవాటు లేకే. మనవాళ్లు జడిసి పాస్ అంటారు. వాళ్లు రెండు డౌన్ (చెప్పినదానికి రెండు పట్లు తక్కువ) అయినా పోయేది 100. మనం ఇస్పేటు తురుపుగా రెండు ఇస్పేట్లు ఆడితే 110 వచ్చేది. టాప్ (అవే చేతులు ఆడిన జంటల్లో మేటి స్కోరు) వాళ్లకే! దీన్ని ఆటంటారా?

ఇస్పేటు రాణి: 100 అనేది వల్నరబుల్ (డౌనుకి జరిమానా ఎక్కువ పడే స్థితి) కానప్పుడే బాబాయ్ గారూ. వల్నరబుల్ అయితే 200. అప్పుడు డబుల్ (జరిమానా పెంచే ఎదుటివాళ్ల పాట) పడితే ఒక్క డౌనుకే 200, బాటమ్ (అందరికన్నా తక్కువ స్కోరు) ఖాయం. అది చెప్పరేం?

బీచ్‌రోడ్ బాబాయ్: డబుల్ ఎవరంటారమ్మా?

ఇస్పేటు రాణి: అనకపోతే తప్పు సిస్టందా?

మద్దిలపాలెం: మురీ మిక్చర్ తెచ్చుకుని కూర్చున్నా, కానివ్వండి.

ఉక్కునగరం: 12–14 చేతులు 15–17 కంటే సుమారు రెట్టింపు సార్లు వస్తాయి. వచ్చినప్పుడల్లా వాళ్లది హాలంతటికీ వేరే దారి. 15–17 వచ్చినా అంతే, మనం నో ట్రంప్ అన్నచోట వాళ్లు ఏదో సూటు చెప్పాలి. ఆ దారిలో టాపులూ ఉంటాయి, బాటమ్‌లూ ఉంటాయి. మూడు వారాల్లో ఏం తేలుతుంది?

ఇస్పేటు రాణి: తైవాన్ 1969లో ప్రెసిషన్ అనే కొత్త సిస్టం ఆడి బెర్ముడా బౌల్ (బ్రిడ్జ్ ప్రపంచ పోటీ) ఫైనల్‌కి వెళ్లింది. కొత్త కాబట్టి అనుకుందాం. 1970లో మళ్లీ ఎలా వెళ్లింది?

బీచ్‌రోడ్ బాబాయ్: రెండుసార్లూ ఓడింది కదా.

ఇస్పేటు రాణి: 1969లో ఓడించిన ఇటలీ వాళ్లవి మాత్రం మామూలు సిస్టాలా?

బీచ్‌రోడ్ బాబాయ్: ఇటలీ గొడవ నాకెందుకు! మొన్న ఆ జంటలో ఒకడు నాకు ప్రత్యర్థిగా కూర్చుని నో ట్రంప్ అన్నాడు, 15 అనుకుని ఊరుకున్నాను. తర్వాత అడిగితే 'మా సిస్టం కార్డు మీద రాసుంది కదా' అంటాడు. పన్నెండేళ్లు నాతో ఆడినవాడు అనాల్సిన మాటేనా?

ఇస్పేటు రాణి: మీ వంతు రాగానే అతని పార్ట్‌నర్‌ని అడగొచ్చు, అది రూలే. ఆగండి, మీతో ఆడేవారా?

బీచ్‌రోడ్ బాబాయ్: వేసవిలో కొత్త సిస్టం నేర్చుకుందామన్నాడు. ఏం సిస్టమో కూడా వినలేదు, ఈ వయసులో నావల్ల కాదన్నాను. మర్నెల్లో ఇంకొకరితో కూర్చున్నాడు. చెప్పనైనా లేదు.

ఉక్కునగరం: ఈ సంగతి నాకు తెలీదండీ.

మద్దిలపాలెం: బాబాయ్, శనివారం నేను ఖాళీయే. నాకు వచ్చిందీ 12–14 ఒక్కటే మరి.

బీచ్‌రోడ్ బాబాయ్: 15–17 అయితే రా.